యుద్ధ విమానాలు: ఫొటోలు చూసి తీర్పులా?

సంపాదకులకు నమస్కారం.

ఏ దేశమైనా కొత్త యుద్ధ విమానాన్ని బయటపెట్టడం ఆలస్యం, దాని పక్కన అమెరికా ఎఫ్-22 ఫొటోనో ఎఫ్-35 ఫొటోనో వేసి ‘కాపీ కొట్టారా?’ అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు. తోకలు, రెక్కలు కాస్త కలిస్తే చాలు, దొంగతనం రుజువైనట్టే!

కొరియా యుద్ధంలో తలపడిన అమెరికా సేబర్‌ను, సోవియట్ మిగ్-15ను చూడండి. అచ్చం అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ 1947లోనే తొలిసారి ఎగిరాయి, ఒకదాన్ని చూసి మరొకటి చేసింది కాదు. అతివేగంలో గాలి నిరోధం తగ్గాలంటే రెక్కలను వెనక్కి వాల్చాలని జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుసెమాన్ 1935లో రోమ్ సదస్సులోనే చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మన్ల పరిశోధన రెండు దేశాలకూ చిక్కింది. అసలు కాపీ మిగ్ పొట్టలో ఉంది. బ్రిటన్ అమ్మిన రోల్స్ రాయిస్ నీన్ ఇంజన్‌ను సోవియట్లు విప్పి చూసుకుని, లైసెన్స్ లేకుండానే ఆర్‌డీ-45 పేరుతో తయారు చేశారు. ఆ సంగతి ఏ ఫొటోలో కనిపిస్తుంది?

నిలువుగా దిగగల అమెరికా ఎఫ్-35బీ, రష్యా యాక్-141కు కాపీ అన్న గొడవ ఇంకాస్త చిక్కుది. కిందికి తిరిగే నాజిల్ (ఇంజన్ వేడిగాలిని వదిలే గొట్టం) రెండింటికీ ఉంది. 1990ల మొదట్లో ఎఫ్-35 తయారీదారు లాక్‌హీడ్ సంస్థ, యాక్‌ను తయారు చేసిన యాకొవ్లెవ్‌తో ఒప్పందం చేసుకున్నదీ నిజమే. కానీ అలాంటి నాజిల్‌ను అమెరికాలో కాన్వెయిర్ సంస్థ 1970లలోనే డిజైన్ చేసింది. పైగా యాక్ నిలువుగా లేవాలంటే కాక్‌పిట్ వెనక విడిగా రెండు ఇంజన్లు పనిచేయాలి. ఎఫ్-35బీలో ఆ పని చేసేది ప్రధాన ఇంజన్ నుంచి షాఫ్ట్‌తో తిరిగే ఫ్యాన్. కాబట్టి ‘పూర్తి కాపీ’ అన్నా, ‘ఏ సంబంధమూ లేదు’ అన్నా తప్పే.

రాడార్‌కు చిక్కకూడదనుకున్న ప్రతి డిజైనరూ దాదాపు ఒకే రకం అంచులు, వాలు తోకల దగ్గరికే చేరతాడు. దక్షిణ కొరియా కేఎఫ్-21ను ఎఫ్-22 తమ్ముడంటారు గానీ, దాని తొలి రకంలో ఎఫ్-22లో లాగా క్షిపణులు రాడార్‌కు చిక్కకుండా పొట్ట లోపల ఉండవు, బయటే ఉంటాయి.

దొంగతనాలు లేవని నేననడం లేదు. అమెరికా సైనిక విమానాల సమాచారం కోసం జరిగిన హ్యాకింగ్ కుట్రలో తన పాత్రను చైనా వ్యాపారి సు బిన్ 2016లో అమెరికా కోర్టులో ఒప్పుకున్నాడు. అలాంటి కేసులను ఎంత గట్టిగా రాసినా తప్పులేదు. కానీ చైనా విమానాన్ని నకలంటే చప్పట్లు కొట్టి, మన తేజస్‌ను ఫ్రాన్స్ మిరాజ్ నకలంటే మండిపడితే ఎలా? ఇద్దరికీ ఒకే కొలబద్ద ఉండాలి.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు ఫొటోల కింద నాలుగు లైన్లు చేర్చమని మనవి: ఇంజన్ ఎవరిది, తొలిసారి ఎప్పుడు ఎగిరింది, లైసెన్స్ ఒప్పందం ఉందా, కోర్టు కేసు ఏమైనా నడిచిందా. ఇవేవీ దొరక్కపోతే హెడ్డింగ్‌లో ‘కాపీ’ అన్న మాట తీసేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు