అంబేడ్కర్ గారి పేరున్న జిల్లాకు జిల్లా కోర్టు ఏదీ?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పాలన జనం గడప దగ్గరికే వచ్చేసిందని పెద్ద వార్త వేశారు. అది చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. నిన్న రాజమండ్రిలో వాయిదాకి వెళ్లొచ్చాక మాత్రం ఊరుకోలేకపోయాను.

మాది కోనసీమ జిల్లా మామిడికుదురు మండలం. గట్టు తగాదా ఒకటి పన్నెండేళ్లుగా నడుస్తోంది. కేసుని ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకి మార్చమని పిటిషన్ వేయాలంటే ప్రిన్సిపల్ జిల్లా జడ్జి గారి దగ్గరికే వెళ్లాలి. ఆయన కూర్చునేది రాజమండ్రిలో. తెల్లారకుండా బస్సెక్కి, గన్నవరం దగ్గర వైనతేయ దాటి, రావులపాలెంలో బస్సు మారి, జొన్నాడ దగ్గర గౌతమి దాటాలి. రెండు గోదావరి పాయలు దాటితే గానీ మీరు రాసిన ఆ గడప రాదండి!

కోనసీమ 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు, బోర్డులు మారాయి. కోర్టుల లెక్కలో మాత్రం మనం ఇంకా పాత ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలోనే ఉన్నాం. రెవెన్యూ జిల్లాని ప్రభుత్వం గెజిట్‌తో చేసేయొచ్చు గానీ కోర్టుల జిల్లాకి హైకోర్టు కూడా తలూపాలని మా ప్లీడరు గారు చెప్పారు. ఒప్పుకుంటాను. కానీ ఆ పాత జిల్లాకి కలెక్టరు కాకినాడలో, జడ్జి రాజమండ్రిలో ఉండే ఏర్పాటు తెల్లదొరల నాటిది. దాన్ని ఇంకెన్నాళ్లు మోయాలి? అమలాపురంలో అదనపు జిల్లా కోర్టు ఉంది కదా అంటారు. ఉంది. అదనపు అన్న మాటలోనే ఉంది సంగతంతా.

పైగా ఈ జిల్లాకి పెట్టింది ఎవరి పేరు? డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గారిది. ఆ పేరు మీద అదే ఏడాది మే 24న అమలాపురంలో ఎంత రభస జరిగిందో, మంత్రి ఇల్లే ఎలా తగలబడిందో మళ్లీ చెప్పుకోవడం సిగ్గుచేటు. పేరు నిలబడింది, సంతోషం. ఆయన బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు చేసిన బారిస్టరు. ఆయన పేరున్న జిల్లాకి జిల్లా కోర్టు లేదంటే ఆయన విగ్రహానికి దండ వేసే నాయకులకి చేతులెలా వస్తున్నాయో నాకు తెలియదు.

అసలు జిల్లా గీసినవాళ్లు గోదావరిని చూశారా, కాగితమే చూశారా? రామచంద్రపురానికి కాకినాడ దగ్గర. ఆ ఊరిని తెచ్చి గౌతమి ఇవతలున్న అమలాపురానికి కట్టారు. ఎదుర్లంక వంతెన మీదుగా రావాలంటే మధ్యలో యానాం, అంటే పుదుచ్చేరి! సొంత కలెక్టరుని కలవడానికి పక్క ప్రభుత్వం నేల తొక్కాలన్నమాట. పోనీ కోటిపల్లి రేవులో పంటు ఎక్కుదామంటే వరదల్లో అదీ కట్టేస్తారు. రైలు సంగతి అడక్కండి. కోటిపల్లి-నర్సాపురం లైను లోక్‌సభ స్పీకరు బాలయోగి గారి రోజుల్లో మంజూరైంది. ఆయన పోయిందే 2002లో. గౌతమిలో పిల్లర్లు లేచాయి, కొంగలు వాలుతున్నాయి. సఖినేటిపల్లి వంతెనకైతే శంకుస్థాపన రాళ్లే మిగిలాయి.

జిల్లా వచ్చిన మూడు నెలలకే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. లంకల జనం పడవల కోసం ఏటిగట్ల మీద పడిగాపులు కాశారు. మా డ్రైను పూడిక తీయమని ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. డ్రైనులో గుర్రపుడెక్క అలాగే ఉంది. ఈ డ్రైన్ల గొడవ కూడా ఒక కారణమై 2011లో మా రైతులు పంట విరామం ప్రకటించారని ఇప్పటి ఆఫీసర్లలో ఎందరికి తెలుసు? అప్పట్లో తహశీల్దారు సైకిల్ మీద గట్టు వెంట తిరిగేవాడు. ఇప్పుడు కారు అద్దం కూడా దించరు.

1850ల్లోనే గన్నవరం దగ్గర అక్విడెక్టు కట్టి ఏకంగా కాలవనే ఏరు దాటించారు. ఈ రోజుల్లో ఒక జడ్జి గారి కుర్చీని దాటించలేమా?

నా వచ్చే వాయిదా పదిహేడో తారీఖున. మీ విలేకరిని మొదటి బస్సుకి పంపండి. సీటు నేను ఆపుతాను.

ఇట్లు,
రిటైర్డ్ టీచరు, మామిడికుదురు మండలం