స్కూటర్ అప్పుడే ఇచ్చేయకు అన్నయ్యా

అన్నయ్యా,

ఎలా ఉన్నారంతా. నేను బానే ఉన్నా. ఆఫీసు గురించి రాయడానికేం లేదు, ఉద్యోగం ఉంది, అమ్మకి అంతే చెప్పు, దగ్గు కూడా తగ్గిందని చెప్పు. మొన్న ఫోన్లో తన మీద విసుక్కున్నా, తప్పే. ఎప్పుడొస్తావని అడిగిందే అడుగుతుంటే ఏం చెప్పాలో తెలీలేదు. రాకూడదని కాదు, వీసా స్టాంపింగ్‌కి డేట్ దొరక్క అక్కడే ఇరుక్కుపోతే ఇక్కడ నాకోసం ఎవరూ ఆగరు, నీకు తెలుసుగా.

రాత్రిళ్ళు నిద్ర పట్టక ఒక సీరియల్ పట్టుకున్నా. సూపర్‌నాచురల్ అని, 2005 నుంచి 2020 దాకా వచ్చింది, 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు, వదిన చూసేవాటి ముందు అదో లెక్కా అనుకో. డీన్, శామ్ అని దెయ్యాల్ని వేటాడే అన్నదమ్ములు. వాళ్ళ సొంతూరు లారెన్స్, ఇక్కడే అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో, నా అపార్ట్‌మెంట్ నుంచి కారులో ముప్పావుగంట. పోయిన ఆదివారం వెళ్ళొచ్చా కూడా, షూటింగంతా కెనడాలో వాంకూవర్ వైపు చేశారు కాబట్టి చూడ్డానికేం లేదు, కాఫీ తాగి వచ్చేశా. అందులో దెయ్యం లోపలికి రాకుండా గుమ్మానికీ కిటికీలకీ ఉప్పు పోస్తారు. అమ్మ కల్లుప్పుతో మనిద్దరికీ దిష్టి తీయడం గుర్తొచ్చింది.

రెండు సీజన్లయ్యేసరికి నాకు దెయ్యాలు కంటికి ఆనడం మానేశాయి, వాళ్ళింట్లో గొడవే కనిపిస్తోంది. తల్లి మంటల్లో పోయిన రాత్రి ఆరు నెలల శామ్‌ని నాలుగేళ్ళ డీన్ చేతుల్లో పెట్టి, తమ్ముణ్ణి తీసుకుని బయటికి పరిగెత్తు, వెనక్కి చూడకు అంటాడు తండ్రి. ఆ పిల్లాడు ఇంక తమ్ముణ్ణి కిందకి దింపలేదు. మొదట్లో నాన్న చెప్పాడు అంటే చాలు వాడికి. తండ్రి వేటకెళ్ళిపోతే లాడ్జి గదిలో వీళ్ళిద్దరే, తమ్ముడికి పాలల్లో వేసుకు తినే రంగురంగుల తీపి పలుకులు కావాలంటే ఆఖరున మిగిలింది వాడికే ఇచ్చేస్తాడు. నువ్వు జంతికలు తినకుండా దాచేవాడివి చూడు, అలాగ.

శామ్ చదువుకుంటానని స్టాన్‌ఫర్డ్ వెళ్తుంటే తండ్రి, వెళ్తే మళ్ళీ రాకు అంటాడు. మన నాన్న అంత మాట అనలేదులే. స్టేషన్‌కి రాలేదు, అంతే. బ్యాగు నువ్వే మోశావు.

మూడో సీజన్లో కలలో డీన్ తనతో తనే కొట్లాడతాడు, తమ్ముణ్ణి కాపాడ్డం నాన్న నా నెత్తిన పెట్టిన బరువు, అది ఆయనది, నాది కాదు అని అరుస్తాడు. అప్పటికే తమ్ముడి ప్రాణం కోసం ఆత్మ అమ్మేసుకున్నాడు మరి, సంవత్సరం గడువు. అక్కడ ఆపేసి వంటింట్లోకెళ్ళి నిలబడ్డా కాసేపు. నువ్వెప్పుడూ అలా అరవలేదు. కొట్టు, నాన్న మందులు, నా లోను వడ్డీ, అన్నీ చూసుకుంటూ, ఏం పర్లేదురా అంటావు. ఒకసారైనా తిట్టొచ్చుగా నన్ను.

డబ్బులు శుక్రవారం వేశా, బుజ్జిదాని ఫీజు కలిపి. వద్దనకు.

స్కూటర్ తుక్కుకి ఇచ్చేస్తానన్నావంట, అమ్మ చెప్పింది. ఆ డీన్, శామ్‌లకి 67 మోడల్ ఇంపాలా అని నల్ల కారుంది, తండ్రిది, అదే ఇల్లు వాళ్ళకి. ఐదో సీజన్ చివర సైతాను శామ్ ఒంట్లో దూరి డీన్‌ని చావగొడుతుంటాడు, చిన్నప్పుడు శామ్ ఆ కారు యాష్‌ట్రేలో ఇరికించిన బొమ్మ సిపాయి ఇంకా అలాగే ఉంటుంది, అది కంటపడగానే శామ్‌కి అన్న గుర్తొస్తాడు, చెయ్యి ఆగిపోతుంది.

మన చేతక్ ముందు డబ్బా మూత లోపల నేనంటించిన సచిన్ స్టిక్కర్ ఉండాలి. నాన్న గోకేస్తుంటే నువ్వే అడ్డం పడ్డావు. ఇచ్చేముందు ఒకసారి తెరిచి చూసి చెప్పు.

నీ తమ్ముడు