2020-21 వార్షిక నివేదిక: సాంచాలు (మరమగ్గాలు) ఆగిన ఏడాది మన పొదుపు సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

అంకెలన్నీ ఆడిట్ రిపోర్టులో ఉన్నాయి. మహాసభ నోటీసుతో పాటే పంపించాం, ఆఫీసు గోడకూ అంటించాం, వాటినే ఇక్కడ మళ్ళీ చదివి వినిపించను. చాలామంది అడుగుతున్నది ఒక్కటే: లాభం వచ్చిందని మీరే అంటున్నారు కదా, మరి బోనస్ ఎందుకు లేదు? దానికి జవాబు చెప్పాలంటే ముందు ఏడాది ఎలా గడిచిందో చెప్పాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే సిరిసిల్లలో సాంచాలు బంద్ అయ్యాయి. నూలు రాదు, నేసిన పాలిస్టర్ గుడ్డ కొనేవాళ్ళు లేరు. సాంచాలున్న ఆసామికి నూలు చుట్టిన భీములు లేవు, కార్మికుడికి కూలి లేదు, నూలు కండెలు చుట్టే అక్కలకూ అంతే. పోనీ ఇంట్లో బీడీలు చుట్టుకుని నెట్టుకొద్దామంటే ఆకు, తంబాకు కూడా రావడం ఆగిపోయింది. పైగా మహారాష్ట్రలోని భీవండికి సాంచాల పనికి పోయిన మనవాళ్ళు పిల్లాపాపలతో వచ్చేశారు. పెద్ద బ్యాంకుకైతే రకరకాల పనులు చేసేవాళ్ళు ఖాతాదారులుగా ఉంటారు, ఒక పని పడిపోయినా ఇంకోటి నడుస్తుంది. మనకు పొదుపు కట్టేవాళ్ళూ, అప్పు కట్టేవాళ్ళూ అందరూ సాంచా మీదే, అందరి చేతులూ ఒకేసారి ఖాళీ అయ్యాయి.

"సంఘంలో డబ్బుల్లేవట" అన్న పుకారు మొదటి వారంలోనే లేచింది. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మునిగినప్పటి సంగతి మరిచిపోని వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టలేం. సభ్యత్వం వదులుకుంటే తప్ప పొదుపు వెనక్కి ఇవ్వం అనేది మన పద్ధతి. ఆ పద్ధతిని సడలించి, అప్పు లేనివాళ్ళకు, ఎవరికీ జామీను పడనివాళ్ళకు సగం వరకు ఇవ్వాలని పాలకవర్గం తీర్మానించింది. ఇలా ఇస్తూ పోతే గల్లా ఊడ్చుకుపోతుందని ఇద్దరు డైరెక్టర్లు గట్టిగానే కొట్లాడారు. అయినా టేబుల్ వరండాలోకి తెచ్చి, సుద్దతో గళ్ళు గీసి, అడిగిన వాళ్ళకు అప్పటికప్పుడే ఇచ్చాం, "రేపు రండి" అన్న మాట ఎవరి నోటా రాకూడదని ముందే చెప్పుకున్నాం. ఒక అక్క మూడు వేలు తీసుకుని, నోట్లు లెక్కపెట్టుకుని, రెండు వేలు మళ్ళీ టేబుల్ మీదే పెట్టింది. "ఇవి జమ రాసుకోండి, ఉన్నయో లేవో చూద్దామని వచ్చిన" అన్నది. ఆ తర్వాత లైను తగ్గింది.

ఇక అప్పుల సంగతి. రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం, అంటే కిస్తీల వాయిదా (మార్చి నుంచి మే దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా) బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు. మనది 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నడిచే సంఘం, మనకు అది వర్తించదు. అయినా ఆ ఆరు నెలలూ కిస్తీలు అడగలేదు, జరిమానా వేయలేదు, వడ్డీ మీద వడ్డీ లెక్కకట్టలేదు. మామూలు వడ్డీ మాత్రం లెక్కలోకి వచ్చింది, ఎందుకంటే పొదుపు పెట్టినవాళ్ళకు మనమూ వడ్డీ ఇవ్వాలి. వాయిదాను మాఫీ అనుకున్నవాళ్ళతో జరిగిన గొడవలు మీకు తెలిసినవే.

కొత్త అప్పులు దవాఖానకు, తిండి ఖర్చులకు మాత్రమే ఇచ్చాం. పెళ్ళి అప్పులు, సాంచాలు కొనే అప్పులు ఆపాం. ఈ ఒక్క నిర్ణయంతో నాతో మాట్లాడటం మానేసిన వాళ్ళున్నారు. మాట్లాడకపోయినా సరే, అప్పుడు ఇచ్చి ఉంటే ఇవాళ కట్టలేక ఫైనాన్స్‌వాళ్ళ గుమ్మం ఎక్కేవాళ్ళు, ఆ గుమ్మాలు సిరిసిల్లలో ఎన్ని ఇళ్ళు ముంచాయో నేను చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం ఆర్డరిచ్చిన బతుకమ్మ చీరల పని నడిచాక కిస్తీలు మెల్లగా మొదలయ్యాయి. నేత కార్మికుల ప్రభుత్వ పొదుపు పథకం 'నేతన్నకు చేయూత'లో గడువు తీరకుండానే డబ్బు తీసుకోనిచ్చారు, అందులోంచి బాకీ తీర్చినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు బోనస్. పుస్తకంలో కనిపించే లాభంలో చాలా భాగం రావాల్సిన వడ్డీ, అది ఇంకా గల్లాలోకి రాలేదు. రాని డబ్బును పంచాలంటే మీ పొదుపులోంచే తీసి మీకు పంచాలి. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల వరకు ఇన్సూరెన్స్ ఉంది, మన సంఘానికి అది లేదు, ప్రభుత్వ వాటాధనమూ లేదు. మనకున్న అండ రిజర్వు ఫండే, అందుకే ఈసారి లాభమంతా అందులోకే. రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతానికి దిగి, బ్యాంకుల్లో మనం వేసిన డబ్బు మీదా వడ్డీ తగ్గింది, కాబట్టి మీ డిపాజిట్ల వడ్డీ కూడా కొంత తగ్గించక తప్పలేదు.

కరోనాతో పోయిన సభ్యుల అప్పులు అభయనిధి (సభ్యుల చందాలతో నడిచే నిధి) నుంచి తీర్చాం, వాళ్ళ ఇంటివాళ్ళను గానీ జామీనుదార్లను గానీ రూపాయి అడగలేదు. నిధి బాగా కరిగిపోయింది, చందా పెంచాలని మహాసభ ముందు తీర్మానం పెడుతున్నాం. వ్యతిరేకించేవాళ్ళు ఇంట్లో కూర్చుని కాదు, వచ్చి చెప్పండి.

2021 మే 12 నుంచి మళ్ళీ లాక్‌డౌన్ పడటంతో మహాసభ ఆలస్యమైంది. పదవీకాలం ముగిసిన డైరెక్టర్ల స్థానాలకు ఎన్నిక కూడా మహాసభ రోజే. పాస్‌బుక్కులు మరిచిపోకుండా తెచ్చుకోండి, క్లర్కు దగ్గర లెజరుతో సరిచూసుకుని సంతకం పెట్టించుకున్నాకే లోపలికి రండి.

- అధ్యక్షుడు, పాలకవర్గం తరఫున