లివర్ గడ్డలో వైరస్‌ను వెతకాల్సింది రక్తంలో కాదు

సంపాదకులకు,

లివర్ క్యాన్సర్, వైరస్ అనగానే హెపటైటిస్ బి, సిల గురించే రాస్తారు. ఎక్కువ కేసులకు కారణం అవే కాబట్టి సబబే. కానీ లివర్‌లో అరుదుగా పుట్టే కొన్ని గడ్డల కణాల్లో ఉండేది వేరే వైరస్: 1964లో బయటపడిన ఎప్‌స్టీన్-బార్. అవయవ మార్పిడి తర్వాతా, హెచ్‌ఐవీ ఉన్నవారికీ వచ్చే స్మూత్ మజిల్ (మన ఇష్టంతో పని లేకుండా కదిలే కండరం) గడ్డలు, ఒక రకం ఫాలిక్యులర్ డెండ్రిటిక్ సెల్ సార్కోమా (రోగనిరోధక వ్యవస్థకు ఆసరాగా ఉండే కణాల్లో పుట్టే క్యాన్సర్) అలాంటివే. ఈ సార్కోమాలో అసలు క్యాన్సర్ కణాలు లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) గుంపులో దాగిపోతాయి. సూదితో తీసిన చిన్న ముక్క చూసి మామూలు వాపు గడ్డ అనుకునే ప్రమాదం ఎక్కువ.

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి రిపోర్టులతో చెన్నై వచ్చే కుటుంబాలు చాలాసార్లు ఈ వైరస్‌కు రక్తంలో ఐజీజీ (ఎప్పుడో వైరస్ సోకిందని చూపే యాంటీబాడీ) పరీక్ష చేయించి తెస్తాయి. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అది పాజిటివే. దానివల్ల గడ్డ గురించి ఏమీ తేలదు. చేయాల్సింది గడ్డ ముక్క మీద ‘ఈబర్’ పరీక్ష. వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉన్న కణకేంద్రకాలు అందులో ముదురు రంగు తేలతాయి. రంగు ఏ కణానిదన్నదే కీలకం. అటుగా వచ్చిన ఒకటి రెండు లింఫోసైట్లకు రంగు వస్తే లెక్కలోకి రాదు, గడ్డ కణాలకే రావాలి.

నెగటివ్ అన్నా వెంటనే నమ్మకూడదు. ముక్కను సెలైన్‌లో వేసి పంపినా, ముక్క చెడకుండా ఉంచే ద్రవం ఫార్మలిన్ చాలకపోయినా ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. ముక్కకు కనీసం పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ఉండాలి. ఆర్‌ఎన్‌ఏ నిలిచి ఉందో లేదో అదే ముక్క మీద కంట్రోల్ పరీక్ష చెబుతుంది. అదీ రంగు తేలకపోతే ఆ నెగటివ్‌కు విలువ లేదు.

రెండో అభిప్రాయానికి వచ్చేవారు రంగు వేసిన స్లైడ్లతో సరిపెట్టకుండా గడ్డ ముక్కను పొదిగిన మైనపు బ్లాకును కూడా అడిగి తీసుకోండి. ల్యాబు బ్లాకు ఇవ్వనంటే కోటెడ్ (ముక్క జారిపోకుండా పూత పూసిన) స్లైడ్ల మీద రంగు వేయని పలుచని కోతలు ఎనిమిదో పదో అడగండి. బ్లాకును ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, మైనం మెత్తబడుతుంది.

మార్పిడి తర్వాత వచ్చిన గడ్డలో వైరస్ తేలితే రోగనిరోధక శక్తిని అణిచే మందులు తగ్గించడం చికిత్సలో భాగం కావచ్చు. ఆ నిర్ణయం ట్రాన్స్‌ప్లాంట్ వైద్యులదే. సొంతంగా ఆపితే మార్చిన అవయవమే దెబ్బతింటుంది.

ఈబర్ రిపోర్టులో కంట్రోల్ ఫలితాన్నీ, ఏ కణాలకు రంగు వచ్చిందన్నదీ తప్పక రాయాలని ల్యాబులను కోరుతున్నాను.

– ఒక పాథాలజిస్టు, చెన్నై