ఊటీలో ఒకే గది, ఎనిమిది నెలల పాప, నలుగురు పెద్దవాళ్ళు: దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

వెళ్ళేముందు సలహా కోసం మిమ్మల్నందరినీ మేమడిగింది ఒక్కటే ప్రశ్న. ఊటీ రిసార్టులో స్టూడియో గది. ఒక డబుల్ మంచం, ఒక సోఫా కమ్ బెడ్, మూలన చిన్న వంటగట్టు, ఒకే బాత్‌రూమ్. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, ఎనిమిది నెలల పాప. నాలుగు రాత్రులు. సరిపోతుందా?

"సరిపోదు, రెండు గదులు తీసుకోండి" అని చెప్పి ఊరుకోవచ్చు. మీరలా చేయలేదు. ఏది ఎంత పడుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో లెక్కలతో సహా రాసి పంపారు. పేర్లు పెట్టొద్దని కొందరు అడిగారు కాబట్టి పేర్లు రాయడం లేదు. ఎవరి మాట ఎక్కడ ఆదుకుందో మాత్రం రాస్తున్నాం. ఇలాగే పసిబిడ్డతో, పెద్దవాళ్ళతో కొండమీదికి వెళ్ళే ఇంకో ఇంటికి పనికొస్తుంది.

మొదటి దణ్ణం విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన బాబాయిగారికి. మేమంతా చోటు గురించి ఆలోచిస్తుంటే, "అమ్మా, చోటు సర్దుకోవచ్చు, కరెంటు సర్దుకోలేరు" అన్నారాయన. గదిలోకి వెళ్ళగానే ముందు ఎంసీబీ పెట్టె (లోడు ఎక్కువైతే కరెంటు కట్ చేసే స్విచ్‌ల పెట్టె) తెరిచి, ప్లగ్గులకీ గీజర్‌కీ కలిపి ఎన్ని ఆంపియర్లు ఉందో చూడమన్నారు. 16 ఆంపియర్లయితే 230 వోల్టుల దగ్గర మొత్తం 3,680 వాట్లు. గీజర్ 2,000, ఆయిల్ హీటర్ 2,000, ఇండక్షన్ స్టవ్ 1,800 నుంచి 2,000, కెటిల్ 1,500. అంటే గీజర్, కెటిల్ కలిసి నడుస్తాయి. గీజర్, హీటర్ కలిసి నడవవు. తెల్లారి ఐదింటికి ఒకరు కాఫీకని, ఒకరు స్నానానికని, ఒకరు పాపకి చలేస్తోందని తలా ఒక స్విచ్ వేస్తే గదంతా చీకటైపోతుంది. అప్పుడు రిసెప్షన్ నుంచి మనిషి వచ్చేదాకా హీటరూ ఉండదు, పాపకి పాలూ ఉండవు.

ఆయన చెప్పిన పద్ధతి ఇది: వంట చేసేటప్పుడు హీటర్‌ని 1,000 వాట్ల మెట్టు మీద, ఇండక్షన్‌ని 1,200 మీద పెట్టాలి. గీజర్ వేసినప్పుడు హీటర్ పూర్తిగా కట్టేయాలి. ఈ రెండు ముక్కలూ ఒక కాగితం మీద రాసి స్విచ్ బోర్డు పక్కన అంటించాలి. ఇంట్లో అందరికీ ఒకేసారి తెలిసే దారి అదొక్కటే.

తలుపు దగ్గర తాళం కార్డు పెడితేనే కరెంటు వచ్చే గదుల గురించి కూడా ఆయనే హెచ్చరించారు. చాలాచోట్ల ఫ్రిజ్ కూడా ఆ కార్డు మీదే నడుస్తుంది. అందరూ కలిసి బొటానికల్ గార్డెన్‌కి వెళ్తూ కార్డు తీశారంటే, నాలుగు గంటల తర్వాత తల్లిపాలు పెట్టిన ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గిపోతుంది. గదిలో దిగేటప్పుడే రెండో కార్డు అడిగి, ఒకటి ఎప్పుడూ లోపలే ఉంచాలి. బయటికి వెళ్ళేటప్పుడు హీటర్, ఇండక్షన్ ప్లగ్గులు పీకేయాలి. పిండిన తల్లిపాలు బయట నాలుగు గంటలు, సరిగ్గా చల్లబడే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. కానీ గదుల్లో ఇచ్చే చిన్న ఫ్రిజ్‌లు కొన్ని కూల్‌డ్రింకులకే తప్ప పాలకి పనికిరావు. గ్లాసుడు నీళ్ళు పెట్టి, రెండు మూడు గంటలయ్యాక థర్మామీటర్ ముంచి చూస్తే తెలిసిపోతుంది. నాలుగు డిగ్రీలకి దగ్గరగా రాకపోతే పాల డబ్బా మీద గది నంబరు, తేదీ రాసి రిసార్టు వంటగదిలో పెట్టించడం మేలు.

ఇక వేడినీళ్ళు. 15 లీటర్ల గీజర్ చూడ్డానికి పెద్దదే అనిపిస్తుంది. 60 డిగ్రీల నీళ్ళని 15 డిగ్రీల కుళాయి నీళ్ళతో కలిపి 40 డిగ్రీలకి తెస్తే వచ్చేది 27 లీటర్లు, అంటే బకెట్టున్నర. అవి అయిపోతే మళ్ళీ కాగడానికి 2,000 వాట్ల గీజర్‌కి 23, 24 నిమిషాలు కావాలి. ఎర్ర లైటు ఆరకముందే తలుపు తట్టి తొందరపెడితే రెండోవాళ్ళకి గోరువెచ్చని నీళ్ళే దక్కుతాయి. నలుగురు పెద్దవాళ్ళ స్నానాలు అరగంట అరగంట ఎడంతో పెట్టుకుంటే రెండు గంటలు పడుతుంది. కాబట్టి ఈ వరసలో పాపని కలపొద్దని, పాప స్నానం పదకొండింటికి, ఎండ పొడగట్టాక పెట్టమని ముగ్గురు తల్లులు వేర్వేరుగా ఒకే మాట రాశారు. ఇంటి దగ్గర పొద్దున్నే పోసే అలవాటున్నా నాలుగు రోజులకి మార్చడం వల్ల పోయేదేమీ లేదు.

కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం అత్తయ్యగార్లకే చేతనైన విద్య. అయితే రిసార్టు బాత్‌రూమ్ టైల్స్ మీద నూనె చుక్క పడితే జారిపోతుంది. పీట కిందా, కాళ్ళ కిందా రబ్బరు మ్యాట్ పరచాలి. అది లేకపోతే తడిపి పిండిన మందపాటి టవల్ అయినా సరే. నీళ్ళు 37, 38 డిగ్రీలుండాలి. చేతివేళ్ళతో చూస్తే సరిగా తెలియదు, మోచేయి ముంచి చూడాలి. సున్నిపిండి వాడేవాళ్ళు నీళ్ళు పోయే జాలీ మీద పల్చటి గుడ్డ ఒకటి వేసుకోవాలి. పిండి లోపలికి వెళ్ళి చల్లటి గొట్టంలో నూనెతో కలిసి ముద్దకడితే, సాయంత్రానికి బాత్‌రూమ్‌లో నీళ్ళు నిలుస్తాయి. ఉన్నది ఒకటే బాత్‌రూమ్.

ఈ స్నానం దగ్గరే పిల్లల వార్డులో నర్సుగా పనిచేసే అక్క రాసిన మాటకి మేము ఎన్నటికీ రుణపడి ఉంటాం. స్నానం తర్వాత సాంబ్రాణి వేయడం మన ఇళ్ళలో ఆనవాయితీ. "మూసిన గదిలో నిప్పులు వద్దు, ఒక్క బొగ్గుముక్క కూడా వద్దు" అని అక్క గట్టిగా చెప్పింది. చలికి కిటికీలు బిగించిన చిన్న గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. పొగ పోయింది కదా అనుకుంటాం, ఆ వాయువు మాత్రం గదిలోనే ఉంటుంది. కొండ ఊళ్ళలో చలికి గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి ప్రాణాలతో లేని ఘటనలు జరిగాయి. పెద్దవాళ్ళకి "ఈ కాలం పిల్లలు ఇంతే" అనిపించకుండా, కారణం విడమరచి చెప్పాలని కూడా ఆమే నేర్పింది. కారణం విన్నాక అత్తయ్యగారు ధూపం గిన్నెని ఇంట్లోనే వదిలేశారు. పాప జుట్టు ఆరడానికి పొడి టవల్‌తో రెండుసార్లు అద్ది, కిటికీలోంచి పడే ఎండలో పది నిమిషాలు కూర్చోబెడితే చాలు.

పడక గురించి అక్క చెప్పింది కూడా ఇక్కడే రాస్తాను. చీర ఉయ్యాల కట్టడానికి రిసార్టు గదిలో కొక్కెం ఉండదు, కర్టెన్ రాడ్ పాప బరువు ఆపదు. ముందురోజే ఫోన్ చేసి క్రిబ్ (చుట్టూ ఊచలున్న పసిపిల్లల మంచం) అడగాలి. వచ్చాక దాని నాలుగు మూలలూ కిందికి నొక్కి చూడాలి, పక్కతలుపు టక్కుమని పడిందో లేదో వినాలి. ఊచల మధ్య కూల్‌డ్రింక్ టిన్ను దూరేంత సందు ఉండకూడదు. పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్ళకి మించి ఖాళీ ఉండకూడదు. దిండు, బొంత, బొమ్మ ఏవీ వేయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టాలి. హీటర్‌కి మీటరు దూరం, కర్టెన్ తాళ్ళకి అందనంత దూరం. అన్నిటికన్నా ముఖ్యం, ఎంత అలిసిపోయినా పాపని గుండెలమీద వేసుకుని సోఫాలో నిద్రపోకూడదు. పసిపిల్లలకి ఊపిరాడకుండా పోయే చోట్లలో సోఫా చాలా ప్రమాదమైనది.

చలి అనగానే పెద్దవాళ్ళు రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్ తొడుగుతారు. గది 20 నుంచి 22 డిగ్రీలుంటే లోపల టోపీ అక్కర్లేదు. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని కంగారుపడొద్దు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ చెమ్మగా ఉంటే ఒక పొర తీసేయాలి.

ఉన్నవాళ్ళలో నిద్ర తేలిక ఎవరిదో వాళ్ళకి మంచం కాకుండా సోఫా వైపు ఇవ్వమన్నది మరొకరి సలహా. క్రిబ్ మంచం పక్కనే ఉంటుంది కాబట్టి. రాత్రి గది లైటు వేయకుండా బాత్‌రూమ్ లైటు వేసి తలుపు బెత్తెడు తెరిచి ఉంచితే మామయ్యగారికి దారి కనిపిస్తుంది, పాప లేవదు. పాలివ్వడానికి చాటు కోసం బీరువా తలుపు తెరిచి, దాని పైఅంచుకి నూలుచీర రెండు క్లిప్పులతో వేలాడదీయడం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి వెయ్యి నమస్కారాలు. ఒకే గదిలో మామగారున్నప్పుడు కోడలికి అది ఎంత పెద్ద ఊరటో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

వంట గురించి ఫిజిక్స్ లెక్చరర్ వదినగారు రాసిన జవాబు మా ఇంట్లో అందరూ చదివారు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 92, 93 డిగ్రీలకే మరిగిపోతాయి. తెర్లుతున్నాయి కదా అని దించేస్తే లోపల ఉడకదు. ఉగ్గులోని పెసరబద్దని రెండు వేళ్ళ మధ్య నలిపితే పైన మెత్తగా జారుతుంది, నడుమ తెల్లటి పలుకు చిన్న చుక్కలా గోటికి తగులుతుంది. అది పాప గొంతుకి అడ్డం పడుతుంది, కడుపులో అరగదు. గిన్నెలో ఎంతసేపు మరిగించినా వేడి 93 దాటదు కాబట్టి, రెండు లీటర్ల ఇండక్షన్ అడుగు కుక్కర్ ఒకటి రిసార్టువాళ్ళని అడిగి తీసుకెళ్ళాలి. మూడు వంతుల బియ్యం, ఒక వంతు వేయించిన పెసరపప్పు రవ్వలా పట్టించింది రెండు టేబుల్ స్పూన్లు, నీళ్ళు 250 మిల్లీలీటర్లు. గిన్నెలో పోసి కుక్కర్లో పెట్టి, ఇంటి దగ్గరకన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి. ఉప్పు, పంచదార వద్దు. ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు.

తాగే నీళ్ళు, సీసాలు మరిగించేటప్పుడు కూడా ఇదే లెక్క. 2,000 మీటర్లు దాటిన ఊళ్ళో నీళ్ళు బాగా తెర్లడం మొదలైనప్పటి నుంచి మూడు నిమిషాలు మరగాలి. కెటిల్ తెర్లగానే ఆగిపోతుంది, అందుకే సీసాలకి స్టవ్ మీద గిన్నే నయం. పాలపొడి కలిపే నీళ్ళు 70 డిగ్రీలకి తగ్గకూడదు. ఊటీ చలిలో అవి ఇంటి దగ్గరకన్నా త్వరగా చల్లారిపోతాయి కాబట్టి మరిగిన వెంటనే ఫ్లాస్కులో పోసేయాలి. కలిపాక సీసాని చల్లటి నీళ్ళ ధార కింద తిప్పి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవాలి. తాగగా మిగిలింది గంట దాటితే పారబోయాలి.

కెటిల్లో పాలు కాచొద్దని ఎంతమంది చెప్పారో. అడుగున మాడతాయి, ఆవిరి తగిలి స్విచ్ పడేలోపే పొంగి మూత దాటుతాయి. పెద్దవాళ్ళ కాఫీకి వంటగదినుంచి ఫ్లాస్కుడు వేడిపాలు తెప్పించుకుంటే సరి. పోపు కూడా ఇంటి దగ్గరే చేసుకోవాలి. ఎండుమిర్చి ఘాటు ఒక్క గదిలో గంటసేపు తిరుగుతుంది, పాప దగ్గుతుంది, పొగ అలారం మోగుతుంది. పోపు పెట్టిన పులిహోర గుజ్జు, కందిపొడి, నెయ్యి, చారుపొడి ఉంటే అన్నం ఒక్కటి వండుకుంటే చాలు.

దారి గురించి క్లుప్తంగా రాస్తాను. హైదరాబాదు నుంచి బెంగళూరు, మైసూరు మీదుగా కారులో వచ్చేవాళ్ళకి బందీపూర్ అడవి రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది. అడవి దాటాక ఊటీకి ఎక్కే రెండు దారుల్లో ఒకటైన కల్లట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు, బాగా నిటారు. పాపతో గూడలూరు దారే నయం. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి వచ్చే బండ్లకి ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) పెట్టారు, బయల్దేరేముందే తీసుకోవాలి. ఘాట్ ఎక్కడానికి అరగంట ముందే పాపకి పాలు పట్టేసి, మలుపుల్లో చెవులు దిబ్బడేసి ఏడిస్తే బండి ఆపి రెండు గుక్కలు చప్పరించనివ్వాలి.

కూనూరులో ఉంటున్న తెలుగు అమ్మగారు అడగమన్న ప్రశ్న మాకు తట్టేదే కాదు. "మీది గ్రౌండ్ ఫ్లోరేనా అని అడక్కండి. కారు ఆగే చోటునుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు అని అడగండి." వాలులో కట్టిన రిసార్టుల్లో గ్రౌండ్ ఫ్లోర్ అంటే రిసెప్షన్‌కి నలభై మెట్లు కింద కూడా ఉండొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారికి ఆ ఒక్క ప్రశ్న వల్లే వేరే వరసలో గది మార్చి ఇచ్చారు. నీలగిరి జిల్లాలో చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధమని, స్టీలు సీసాలు తెచ్చుకోమని చెప్పిందీ ఆవిడే. మంచులో లంగోటీలు రెండు రోజులైనా ఆరవు. వాటిని హీటర్ మీద మాత్రం ఆరేయొద్దు, నిప్పంటుకుంటుంది. పిండి, పొడి టవల్‌లో చుట్టి తొక్కి, ఇస్త్రీ పెట్టె తిప్పితే ఆరతాయి. రోజుకి ఎనిమిది డైపర్ల లెక్కన 32, పైన ఎనిమిది చేతిలో ఉండాలి. వాడినవి వార్తాపత్రికలో చుట్టి విడిగా ఒక సంచిలో వేసి, ఇవి డైపర్లు అని గది శుభ్రం చేసేవాళ్ళకి చెప్పి ఇవ్వాలి. తడి చెత్తలో కలిస్తే వాళ్ళు చేత్తో విడదీయాల్సి వస్తుంది.

చివరిగా, తెలుగు రాని ఇద్దరికి తెలుగులో కృతజ్ఞత చెబుతున్నాం, ఎవరైనా చదివి వినిపించాలని. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే అమ్మ, ఆమెతో వచ్చే తమ్ముడు. 15 లీటర్ల గీజర్ చూసి, లోపల నలుగురు పెద్దవాళ్ళని చూసి, మేమడక్కుండానే రోజూ ఉదయం ఆరు లోపు బాయిలర్ గది నుంచి రెండు బకెట్ల వేడినీళ్ళు మూతలు పెట్టి తెచ్చి తలుపు పక్కన పెట్టారు. పాప నిద్ర లేస్తుందని బెల్లు కొట్టలేదు, వేలి గోటితో తలుపు మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయారు. అమ్మా, తంబీ, మీకు చాలా చాలా నండ్రి.