1989 నవంబర్ 10 నాటి పేపరు ఎక్కడ దొరుకుతుంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. తొమ్మిదో తరగతి చదివే మా మనవడికి 1989 మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఫోన్లో చూసి గంటలో రాసేశాడు: బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో ఉద్యమకారుల అణచివేత, నగరాన్ని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడ పడిపోవడం, రుమేనియాలో నియంత చౌషెస్కూ కాల్చివేత. అన్నీ కరెక్టే. చివర్లో, "తాతయ్యా, గోడ పడిన మర్నాడు మన పేపర్లో ఏం వచ్చింది?" అని అడిగాడు. చూసి చెబుతానని మా ఊరి గ్రంథాలయానికి వెళ్లాను.

ఒకప్పుడు వెనక గదిలో నెలకో బైండు చొప్పున పాత పేపర్లు ఉండేవి. ఇప్పుడు ఇనప ర్యాకులో రెండే మిగిలాయి. ఒకటి తెరిస్తే నడిమధ్యన చెదలు, అట్ట నా చేతికొచ్చింది. "మిగతావి కేజీల లెక్కన పోయాయి సార్, గది ఖాళీ చేయమన్నారు" అని అక్కడి ఉద్యోగి నొచ్చుకుంటూ చెప్పాడు. అతన్ని అని లాభం లేదు.

ఒక్క రోజు పేపరు కోసం ఇంత రభస ఎందుకంటారా? ఆ నవంబర్ 9 గురువారం సాయంత్రం తూర్పు బెర్లిన్‌లో షబోవ్‌స్కీ అనే కమ్యూనిస్టు పాలక పార్టీ నాయకుడు విలేకరుల ముందు ఒక కాగితం చదివాడు. ఇకపై జనం దేశం దాటి వెళ్లొచ్చన్నాడు. ఎప్పటినుంచి అని అడిగితే కాగితాలు అటూ ఇటూ తిప్పి, తనకు తెలిసినంతవరకు వెంటనే అనేశాడు. నిజానికి అది మర్నాడు అమలు కావాల్సిన ఉత్తర్వు. టీవీలో విన్న జనం గోడ దగ్గరి సరిహద్దు గేట్ల మీదికి పోటెత్తారు. బోర్న్‌హోల్మర్ వీధి గేటు పూర్తిగా తెరిచేసరికి రాత్రి పదకొండున్నర అయింది. మనకు తెల్లవారుజామున నాలుగు. ఆపాటికి మన పేపర్లు అచ్చయి బస్సులెక్కేసి ఉంటాయి. అంటే 10వ తేదీ పేపర్లో గేటు తెరిచిన వార్త ఉండే వీల్లేదు.

మరి ఏముంది? 9నే అయోధ్యలో శిలాన్యాసం జరిగింది. రెండు వారాల్లో మనకు లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు. మా ఊళ్లో గోడ మీద రాయడానికి చోటు చాలక కుర్రాళ్లు కొట్టుకుంటున్న రోజులవి. బెర్లిన్ గోడ గురించి మాట్లాడుకున్నట్టు నాకైతే గుర్తులేదు. ఆ ఎన్నికల్లో ఢిల్లీ గద్దె కాంగ్రెస్‌కు ఎదురు నిలిచిన పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్‌కు దక్కింది. దాని ఛైర్మన్ ఎన్టీఆర్‌కు మాత్రం సొంత రాష్ట్రంలో అధికారం పోయింది. 42 లోక్‌సభ సీట్లలో తెలుగుదేశానికి వచ్చినవి 2. కల్వకుర్తిలో ఆయనే ఓడారు. దీని ముందు బెర్లిన్ ఏపాటి?

జూన్ 5 పేపరు కూడా చూడాలని ఉంది. 3న ఇరాన్ అధినేత ఖొమేనీ మరణం, ఆ రాత్రే బీజింగ్‌లో జనం మీదికి ట్యాంకులు, 4న పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎదిరించిన కార్మిక సంఘం సాలిడారిటీకి కుప్పలుగా ఓట్లు. సబ్ ఎడిటర్ దేన్ని బ్యానర్ చేశాడో, దేన్ని లోపలి పేజీకి నెట్టాడో! ఇప్పుడు మనకు తెలిసినవేవీ ఆ రాత్రి డెస్కులో కూర్చున్నవాడికి తెలియవు కదా. అది ఫోన్లో దొరకదు.

మనం కట్టే ఇంటి పన్ను మీద నూటికి 8 రూపాయలు గ్రంథాలయ సెస్సు. అది ఎప్పటికప్పుడు గ్రంథాలయ సంస్థలకు చేరాలి. పాత బైండ్లు చిత్తుకాగితాల కింద అమ్మేముందు కనీసం స్కాన్ చేయించాలి. అదీ కుదరకపోతే దాచుకునేవాళ్లకు ఇవ్వాలి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం వాళ్లు ఎన్నో ఏళ్లుగా పాత పత్రికలు కాపాడుకొస్తున్నారు, వాళ్లకేం ఖజానాలు లేవు.

ప్రాజెక్టు గడువు శుక్రవారంతో అయిపోయింది. మావాడు ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఖాళీ వదిలి ఇచ్చేశాడు. మీ ఆఫీసులో పాత ఫైళ్లు ఉండే ఉంటాయి. ఆ నవంబర్ 10 మొదటి పేజీని ఏదో ఒక ఆదివారం అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు