ట్రైలర్‌లోనే కథంతా చెప్పేస్తే ఎలా?

సంపాదకుల వారికి,

ఈమధ్య వస్తున్న మన సినిమా ట్రైలర్లు చూస్తుంటే, ఇంక హాలుకెళ్లి చూడ్డానికి ఏం మిగిల్చారా అనిపిస్తోంది. హీరో వాళ్ల నాన్న చావు, విలన్ ఎంట్రీ, చివరి ఫైటు... అన్నీ మూడు నిమిషాల్లో అయిపోతున్నాయి. మాటలు వినబడితే అదృష్టమే, వెనక డప్పుల మోత అలా ఉంటోంది.

నేను సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. అప్పట్లో ట్రైలర్ విడిగా చిన్న రీలుగా వచ్చేది. నిమిషానికి 90 అడుగుల ఫిల్మ్ లెక్కన రెండు నిమిషాలకు 180 అడుగులు. ఇంటర్వెల్ అయ్యాక వేసేవాళ్లం. క్యాబిన్ కంతలోంచి చూస్తే, సోడాలు తాగి లోపలికొస్తున్నవాళ్లు నడవలోనే ఆగిపోయేవారు. అలా ఆగారంటే ఆ సినిమాకు టికెట్లు తెగినట్టే. ఇప్పుడేమో వ్యూస్ చూసి పొంగిపోతున్నారు. మా మనవడు ఒక్కడే ఒక్కో ట్రైలర్‌ని పదేసిసార్లు తిప్పితిప్పి చూస్తాడు. వాడు కొనేది మాత్రం ఒక్క టికెట్టే కదా!

2017లో 'బాహుబలి 2' ట్రైలర్ వచ్చినప్పుడు, కట్టప్ప ఎందుకు చంపాడో రాజమౌళి చెప్పలేదు. అయినా జనం ఎగబడి చూశారు. కనీసం సస్పెన్స్ సినిమాలు తీసేవాళ్లయినా సెకండాఫ్ షాట్లు ట్రైలర్‌లో పెట్టకుండా దాచుకోవాలని మనవి.

- ఒక రిటైర్డ్ ఆపరేటర్, తణుకు